దమ్ము చేలో కొంగ రెక్క: నెమ్మది షట్టరు ప్రాజెక్టు డైరీ

డిసెంబరు 6

ఇన్నేళ్లూ నేను ఎగిరే పక్షులను 1/2000 సెకను షట్టరు వేగంతోనే (అంటే కాంతి లోపలికి రావడానికి షట్టరు తెరిచి ఉండే సమయం) తీశాను. ఈకల అంచులు, ముక్కు కొసన వేలాడే నీటిబొట్టు, కంట్లోని వెలుగు చుక్క అన్నీ ఎంతో స్పష్టంగా వచ్చేవి. మొన్న ఆ ఫొటోలన్నిటినీ ఒకచోట పేర్చి చూసుకున్నప్పుడు మాత్రం, గాలిలో ఉన్న పక్షికీ, సూదితో గుచ్చి అట్టకు అంటించిన సీతాకోకచిలుకకూ తేడా కనిపించలేదు. మా చేల మీదుగా పొద్దున్నే కొంగల బారు వెళ్తున్నప్పుడు నేను చూసే ఊపు ఆ ఫొటోల్లో ఎక్కడా లేదు. ఈ రెండు నెలలూ ఆ ఊపును పట్టుకోవడానికే కేటాయించాలని నిర్ణయించుకున్నాను.

సమయం కూడా అనుకూలంగా ఉంది. సార్వా, అంటే మొదటి పంట వరి, కోతలు ముగిశాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే మధ్య డెల్టా కాలువ నీళ్లు చేలల్లోకి ఎక్కుతున్నాయి. దాళ్వాకు, అంటే రెండో పంటకు, ఒకవైపు ఆకుమళ్లు పోస్తూ, మరొకవైపు దమ్ము (నీళ్లు పెట్టిన చేనును ఊడ్పుకు ముందు బురదగా దున్నడం) మొదలుపెట్టారు. ఇనుప చక్రాల ట్రాక్టరు బురదను తిరగవేసిన చోటల్లా పురుగులు, కప్పపిల్లలు, చిన్న చేపలు పైకి తేలతాయి గనుక కొంగలు ఆ ట్రాక్టరు వెంటే ఎగురుతూ, వాలుతూ, మళ్లీ ఎగురుతూ ఉంటాయి. నల్లటి తడి బురద మీద తెల్లటి పక్షి, అదీ మనిషిని చూసి బెదరని పక్షి, ఒకే గట్టు వెంట గంటకు ఇరవైసార్లు ఇటూ అటూ తిరుగుతుంది. సాధనకు ఇంతకంటే మంచి చోటు ఈ జిల్లాలో నాకు తెలియదు. ముమ్మిడివరం దాటాక, గౌతమి పాయకు పడమటి వైపున ఉన్న నాలుగు చేలను ఎంచుకుని, రైతులను అడిగి గట్ల మీద నిలబడడానికి అనుమతి తీసుకున్నాను.

పరికరాలు: 22.3 మి.మీ. వెడల్పు సెన్సారున్న కెమెరా, 100–400 మి.మీ. జూమ్ లెన్సు, వీడియోల కోసం ఎప్పుడో కొన్న ఫ్లూయిడ్ హెడ్ (కెమెరాను నునుపుగా తిప్పనిచ్చే పీఠం), ఒక ట్రైపాడ్.

డిసెంబరు 8

ఫొటోలేమీ తీయలేదు. షట్టరు వేగాన్ని ఊహతో పెట్టడం ఇష్టం లేక ముందు రెండు కొలతలు తీసుకున్నాను.

మొదటిది రెక్క. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ పెట్టి చిన్న తెల్లకొంగలను పన్నెండుసార్లు చిత్రించి, రెక్క పైనుంచి దిగి మళ్లీ పైకి చేరడానికి ఎన్ని ఫ్రేములు పడుతున్నాయో లెక్కపెట్టాను. నిలకడగా ఎగిరే కొంగకు దాదాపు 80 ఫ్రేములు పట్టాయి, అంటే సెకనుకు మూడు ఊపులు. రెండోది వేగం. రోడ్డు పక్కన కరెంటు స్తంభాల మధ్య దూరం అడుగులు వేసి చూస్తే 50 మీటర్లకు అటూఇటూగా ఉంది. గాలి లేనప్పుడు కొంగ ఆ దూరాన్ని సుమారు 5 సెకన్లలో దాటుతోంది. అంటే సెకనుకు 10 మీటర్లు.

ఈ రెండు అంకెలూ చేతికి వచ్చాక మిగతాదంతా కాగితం మీద తేలింది. 1/15 సెకనులో రెక్క తన ఊపులో అయిదో వంతు పూర్తిచేస్తుంది. ఊపు అంటే దిగడమూ ఎక్కడమూ రెండూ కలిపి గనుక, ఒక్క దిగుడులోనే చూస్తే దాదాపు సగం దూరం. అదే 1/15 సెకనులో కొంగ ముందుకు సాగేది సుమారు 67 సెంటీమీటర్లు, అంటే రమారమి దాని ఒంటి పొడవంత. కెమెరాను పక్షితోపాటు తిప్పుతూ తీస్తే వెనకనున్న దృశ్యమంతా పక్షి పొడవంత గీతలుగా సాగుతుందన్నమాట. 1/60 దగ్గర ఆ గీత పావు ఒంటికి కుదించుకుపోతుంది, చూసేవారికి అది చెయ్యి వణికినట్టే అనిపిస్తుంది తప్ప కదలికగా అనిపించదు. 1/4 దగ్గర గీతలు చాలా అందంగా వస్తాయి కాని, ఆలోగా రెక్క ముప్పావు ఊపు ఊపేసి కనబడకుండా పోతుంది. కాబట్టి 1/30, 1/15, 1/8 – ఈ మూడింటి మధ్యే నా పని.

లెన్సు ఎంత పెద్దదైనా ఈ నిష్పత్తి మారదు. పక్షి ఫ్రేములో ఎంత పెద్దగా కనిపిస్తే గీత కూడా అంతే పెద్దదవుతుంది. ఈ విషయం ఇన్నేళ్లుగా నాకు తట్టలేదు.

డిసెంబరు 14

ఉదయం 6.20కి గట్టు మీదికి చేరాను. మన దేశ కాలమానానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ పక్కనుంచే వెళ్తుంది గనుక ఇక్కడి గడియారానికీ సూర్యుడికీ పెద్ద తేడా ఉండదు. ఈ రోజుల్లో ఆరున్నరకు కాస్త ముందు పొద్దు పొడుస్తుంది. ఏడింటి వరకు కాంతి మెత్తగా ఉండడంతో ఐఎస్‌ఓ (కాంతికి సెన్సారు స్పందించే తీరు) 100, ఎపర్చర్ (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/8 పెట్టినా 1/15 హాయిగా కుదిరింది. సమస్య ఏమిటంటే, ట్రాక్టరు వచ్చేది ఎనిమిదింటికి.

ఎండ ఎక్కాక లెక్క తలకిందులైంది. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100కు ఎఫ్/16, 1/100 సెకను సరిపోతుందన్నది పాత ఫిల్ము రోజులనుంచీ ఉన్న సూత్రం. 1/15కు దిగాలంటే అంతకు దాదాపు ఆరున్నర రెట్లు కాంతి లోపలికి వస్తుంది. ఎపర్చర్‌ను ఎఫ్/22 వరకు మూసినా సగమే తగ్గింది. కొంగలు సున్నపు ముద్దల్లా తెల్లబడ్డాయి. పైగా ఎఫ్/22 దగ్గర ఒక దోషం బయటపడింది: సెన్సారు మీద ఎప్పటినుంచో ఉన్న దుమ్ము ఇన్నాళ్లూ కనబడలేదు, ఇప్పుడు ఆకాశంలో పదిహేను నల్లటి చుక్కలై తేలింది. ఎపర్చర్ అంత చిన్నదైనప్పుడు కాంతి సన్నని ధారగా వచ్చి ప్రతి రేణువు నీడనూ గట్టిగా గీస్తుంది. దానికి తోడు అంత సన్నని రంధ్రం అంచుల దగ్గర కాంతి వంగడం వల్ల మొత్తం చిత్రంలోనే పదును తగ్గింది.

మొత్తం 412 ఫ్రేములు తీశాను. ఉంచుకోదగినవి మూడు. ఆ మూడూ ఏడింటిలోపు తీసినవే.

డిసెంబరు 21

కాకినాడ నుంచి 77 మి.మీ. ఎన్‌డీ ఫిల్టరు తెప్పించాను, కాంతిని ఎనిమిదో వంతుకు తగ్గించేది. అంతకుముందు చవకగా దొరికిన మరొకటి కొని రెండు రోజులు పాడుచేసుకున్నాను; అది తెల్లకొంగను బెల్లం నీళ్లలో ముంచినట్టు చూపింది, ఆ రంగును తరువాత సరిదిద్దినా నీడల్లో మిగిలిపోయింది. కొత్త ఫిల్టరుతో తొమ్మిదింటి ఎండలో కూడా 1/15, ఎఫ్/11 దగ్గర కుదురుతోంది. కెమెరాలోని కాంతి మీటరు నల్ల బురదను చూసి చిత్రాన్ని వెలిగించాలని చూస్తుంది గనుక ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్, అంటే కాంతిని సగానికి, తగ్గించి పెడుతున్నాను. లేకపోతే రెక్కలోని ఈకల గీతలు తెలుపులో కలిసిపోతున్నాయి.

ఈ రోజు ముఖ్యంగా నేర్చుకున్నది నా ఒంటి గురించి. మొదట్లో చేతులతో కెమెరాను తిప్పేవాడిని. ఇప్పుడు పక్షి నాకు అడ్డంగా దాటే చోటు వైపుకు పాదాలు తిప్పి నిలబడి, నడుమును మాత్రం పక్షి వచ్చే వైపుకు మెలిపెట్టి, అది వస్తున్నప్పుడు ఆ మెలికను విప్పుతూ తిరుగుతున్నాను. నాకు అడ్డంగా వచ్చేసరికి నడుము సహజంగా తిన్నగా ఉంటుంది, కదలిక అప్పుడే అన్నిటికంటే నునుపుగా ఉంటుంది. షట్టరు నొక్కాక ఆగిపోవడం నాకున్న పాత అలవాటు. దాన్ని మానుకోవడానికి పక్షి వెళ్లిపోయాక కూడా మరో రెండు సెకన్లు తిరుగుతూనే ఉన్నాను. లెన్సులోని కంపన నివారణను రెండో మోడ్‌లో పెట్టాలి; మొదటి మోడ్‌లో అది నా తిప్పుడునే వణుకు అనుకుని దానికి ఎదురు తిరుగుతోంది. ట్రైపాడ్‌ను పక్కన పెట్టేశాను. గట్టు మెత్తగా ఉండడంతో ఒక కాలు దిగబడి, తిప్పేకొద్దీ అడ్డంగా సాగవలసిన గీతలు ఏటవాలుగా వచ్చాయి.

దమ్ము చేసే ట్రాక్టరు డ్రైవరు ఒకప్పుడు నా దగ్గర ఏడో తరగతి చదివిన కుర్రవాడే. టీ తాగడానికి గట్టెక్కినప్పుడు కెమెరా వెనక తెర చూపించాను.

"ఇదేంటండీ మేస్టారూ, కొంగేదండీ ఇందులో? సున్నం చల్లినట్టుందండి."

"ఇది చూడు, ఇందాక నీ చక్రం వెనకాల తీసింది."

"ఆయ్, ఇదైతే కొంగేనండి. ఇది నన్నే చూత్తందండి."

అతడు గుర్తుపట్టిన ఫొటోకూ, పట్టనిదానికీ షట్టరు వేగం ఒక్కటే, కొంగ ఒక్కటే, రెక్కల చెదురు కూడా ఒక్కటే. తేడా అల్లా కన్ను. రెండోదాంట్లో కన్ను నిలిచింది.

డిసెంబరు 28

ఆ కన్ను గురించే వారమంతా ఆలోచించాను. నిలిచిన కన్ను ఒక్కటి ఉంటే చాలు, రెక్క ఎంత చెదిరినా చూపు దాన్ని రెక్కగానే చదువుతుంది. అది లేనప్పుడు చెదురుకు యజమాని లేడు, మరకే మిగులుతుంది. కాబట్టి ఇకనుంచి ప్రతి ఫ్రేములోనూ ముందు కన్ను చూస్తాను, మిగతావన్నీ తరువాత.

చెడిపోయిన ఫ్రేములను పెద్దవిచేసి చూస్తే రెండు రకాల తప్పులు కనిపించాయి. కొన్నిటిలో కన్ను అడ్డగీతగా సాగింది. అది నా తప్పు, తిప్పే వేగం కుదరలేదు. మరికొన్నిటిలో నిలువుగా సాగింది. అది కొంగ ఎగిరే తీరులోనే ఉంది. రెక్క కిందికి కొట్టినప్పుడు ఒళ్లు పైకి లేస్తుంది, రెక్క ఎత్తినప్పుడు కొంచెం దిగుతుంది. కొంగ మెడను మడిచి భుజాల మధ్య ఇముడ్చుకుని ఎగురుతుంది, ఆ మడత ఈ లేవడాన్నీ దిగడాన్నీ కొంత తనలో కలుపుకుంటుంది కాని పూర్తిగా కాదు. దీనికి విరుగుడు వరసగా ఏడెనిమిది ఫ్రేములు తీయడమే. వాటిలో ఏదో ఒకటి ఒంటి ఎక్కుడుకూ దిగుడుకూ మధ్యనున్న నిదానంలో పడుతుంది.

రెక్క విషయంలో మరో సంగతి తేలింది. దిగుడు మధ్యలో రెక్క అతి వేగంగా ఉంటుంది. పై కొసనా, కింది కొసనా దిశ మారేటప్పుడు క్షణకాలం దాదాపు ఆగుతుంది. అందుకే 1/15 దగ్గర కూడా రెక్కలు పైకెత్తినప్పుడు ఈకలు విడివిడిగా కనిపిస్తాయి. నాకు ఆ రెండింటి నడుమనున్నదే ఇష్టం: భుజం దగ్గర రెక్క గట్టిగా ఉండి, కొసకు వెళ్లేకొద్దీ పలచబడి, చివరి ఈకలు వేళ్ల సందుల్లోంచి జారే ముగ్గుపిండిలా మూడు నాలుగు పాయలై బురద మీద తేలే చిత్రం.

పక్షి నాకు సరిగ్గా అడ్డంగా పోవాలన్నది కూడా ఇక్కడే అర్థమైంది. ఏటవాలుగా నావైపు వచ్చే కొంగలో తల వేగమూ, తోక వేగమూ నా కంటికి వేరుగా ఉంటాయి. నేను తలను పట్టుకుంటే కాళ్లు జారిపోతాయి.

జనవరి 4

ఎదుర్లంక వంతెన దిగువన, గౌతమి గట్టు మీద నీటికాకుల కోసం వెళ్లాను. సాయంత్రం అయిదు దాటాక అవి బారులు కట్టి నీటికి మూరెడు ఎత్తున పోతాయి. నిండు గోదారి, వెనక యానాం వైపు గట్టు, బంగారు కాంతి. అన్నీ ఉన్నాయి, చిత్రం మాత్రం రాలేదు.

కారణం ఇంటికి వచ్చాక తెలిసింది. తెల్లకొంగ నల్ల బురద మీద ఎగిరినప్పుడు రెక్క వెళ్లిన చోటల్లా సెన్సారు మీద వెలుగు రాస్తూ పోతుంది. వెనకనున్న నలుపు దాన్ని చెరపలేదు. నల్లటి నీటికాకి మెరిసే నీటి మీద ఎగిరినప్పుడు సరిగ్గా ఇందుకు విరుద్ధం జరుగుతుంది. రెక్క పక్కకు జరిగిన మరుక్షణం వెనకనున్న వెలుగు వచ్చి, రెక్క ఉన్న చోటును తుడిచేస్తుంది. పైగా దాని రెక్క ఊపు కొంగకు దాదాపు రెట్టింపు. 1/15లో మిగిలింది ఒళ్లు మాత్రమే, సీసా ఎగురుతున్నట్టు. 1/60కు వెళ్తే రెక్కలు తిరిగి వచ్చాయి కాని, నీటి మీద గీతలు పోయాయి.

1882లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎటియెన్-జూల్ మారే తుపాకీ ఆకారపు కెమెరాతో సెకనుకు 12 చిత్రాల చొప్పున ఎగిరే పక్షులను పట్టాడు. తరువాత ఒకే పలక మీద ఎగురుడులోని అనేక దశలను వరసగా ముద్రించడానికి తెల్లటి పక్షులను నల్లటి తెర ముందు ఎగిరించాడు. అదెందుకో నిన్నటి వరకు నేను పట్టించుకోలేదు. దమ్ము చేసిన చేను నాకు ఆ నల్లతెర.

జనవరి 16

పండుగ రోజుల్లో ట్రాక్టర్లు ఆగిపోయాయి. నిన్న కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం వెళ్తుండగా, రోడ్డు పక్కన నిలబడి సైకిళ్ల మీద సాధన చేశాను. మనుషుల ముఖాలు రాకుండా చక్రాలనే తీశాను. సైకిలు చక్రం మధ్యనున్న ఇరుసు మీద గురి నిలపడం కొంగ కంటి మీద గురి నిలపడానికి మంచి తయారీ.

జనవరి 25

కోరింగ అభయారణ్యం. తాళ్లరేవు దాటి, మడ అడవిలోని చెక్క వంతెన మీదుగా నడిచి, తరువాత పడవలో వెళ్లాను. పడవ కదులుతుంది గనుక దానిలోంచి నెమ్మది షట్టరు కుదరదని ముందే తెలుసు; వంతెన మీద మాత్రం ట్రైపాడ్ నిలిచింది, పక్కన ఎవరూ నడవనంతసేపు.

ఇక్కడ ఆలోచనను తిరగేసి చూశాను: పక్షిని నిలిపి, లోకాన్ని కదిలించడం. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, కాలువలోంచి నీరు వేగంగా దిగిపోతుంటే, తెల్లమడ శ్వాసవేర్ల మధ్య ఒక చిన్న తెల్లకొంగ ఒంటికాలి మీద నిలబడి చేప కోసం కాచుకుని ఉంది. 1/4 సెకను, ఎఫ్/16, ఎన్‌డీ ఫిల్టరు. ఇరవై రెండు ఫ్రేముల్లో రెండింటిలో కొంగ పూర్తిగా కదలకుండా ఉంది. నీరు పట్టుబట్ట మడతల్లా వేర్ల చుట్టూ తిరిగి పోయింది. నిలువుగా లేచిన వేర్లు ఒక్కొక్కటీ విడిగా నిలిచాయి. ముక్కు నల్లగా, కన్ను లేత పసుపుగా, నీటిలోంచి కొంచెం పైకి లేచిన పాదం మాత్రం ముదురు పసుపుగా ఉంది.

అవతల బురదతిప్ప మీద ఉల్లంకి పిట్టల గుంపు ఒకటి వాలి ఉంది. అవి ఒక్కసారిగా లేస్తే 1/8లో ఎలా ఉంటుందో చూడాలని నాకు ఎంతో ఉంది. పడవవాడు చప్పట్లు కొడతానన్నాడు, వద్దన్నాను. ఎంతో దూరం ఎగిరివచ్చి, పాటు ఉన్న ఆ కొద్ది గంటలలో మేసే పిట్టలవి. ఫొటో కోసం లేపితే ఆ పూట మేత పోతుంది. గంటసేపు కూర్చున్నాను. ఒక గద్ద అటుగా వచ్చినప్పుడు అవే లేచాయి, అప్పుడు నేను ఫిల్టరు మారుస్తున్నాను.

ఫిబ్రవరి 1

మళ్లీ మా చేలు. ఊడ్పులు సగం పైగా అయిపోయాయి, ఇక దమ్ము మిగిలింది రెండు చేలల్లోనే. ఈ వారం వెనకదృశ్యం మీద శ్రద్ధ పెట్టాను.

కెమెరా తిరుగుతున్నప్పుడు దగ్గరి గట్టు, దూరపు కొబ్బరితోట రెండూ ఒకే పొడవు గీతలుగా సాగుతాయి. దూరంతో సంబంధం లేదు. తేడా తెచ్చేది ఆకారం. గట్టు అడ్డంగా ఉంటుంది గనుక అడ్డంగా సాగినా ఆకారం చెడదు, ఒక చక్కని పచ్చటి పట్టీ అవుతుంది. కొబ్బరి మొదళ్లు నిలువు గనుక ప్రతి మొదలూ ఒక వెడల్పాటి బూడిదరంగు పలకగా మారి, పక్షి వెనక దడి కట్టినట్టు నిలుస్తుంది. అది చూపును ఆపేస్తుంది. అందుకని గట్టు దిగి, మోకాలి లోతు బురదలో నిలబడి, కొంగ వెనక ఆకుమడి పచ్చదనమూ నల్ల బురదా మాత్రమే వచ్చేలా ఎత్తు మార్చుకున్నాను. ఆకుమడి లేతపచ్చ 1/15లో సాగినప్పుడు ఎంత శుభ్రంగా ఉంటుందో మాటల్లో పెట్టడం నాకు కష్టం.

ఉదయం 8.40కి తీసిన ఫ్రేము ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 1/15, ఎఫ్/11, 330 మి.మీ. కొంగ కుడినుంచి ఎడమకు పోతోంది. కన్ను, ముక్కు మొదలు, మడిచిన మెడ నిలిచాయి. దగ్గరి రెక్క దిగుడు మధ్యలో ఉంది. భుజం నుంచి మూడో వంతు వరకు ఈకల వరస లెక్కపెట్టవచ్చు, అక్కడినుంచి అది పొగై, ఆ పొగలోంచి వెనకనున్న ఆకుమడి పచ్చ కనిపిస్తుంది. వెనక చాపిన పసుపు పాదాలు రెండు చిన్న పసుపు గీతలయ్యాయి. కింద, ఇనుప చక్రం చిమ్మిన బురద చుక్కలు నాలుగు గాలిలో వంకర గీతలుగా ఉన్నాయి. నేను వాటిని చూసి తీయలేదు, తరువాతే గమనించాను.

ఫిబ్రవరి 8

ఆఖరి చేను నిన్న ఊడ్చారు. కొంగలు కాలువ గట్ల మీదికీ చేపల చెరువుల వైపుకూ చెదిరిపోయాయి. మొత్తం 3,900 పైచిలుకు ఫ్రేముల్లో ఏడింటిని ఉంచాను: అయిదు దమ్ము చేలవి, ఒకటి కోరింగది, ఒకటి 1/8లో తీసిన బారు, దానిలో తొమ్మిది కొంగల్లో ఒక్కదాని కన్ను మాత్రమే నిలిచింది. నీటికాకి ఒక్కటి కూడా లేదు. వచ్చే సార్వా నాట్లకు ముందు, జూన్, జూలైలలో మబ్బు పట్టిన ఆకాశం కింద, చీకటిగా ఉండే మడ అడవి నేపథ్యంగా వాటిని 1/40లో ప్రయత్నించాలని నోటు పుస్తకంలో రాసుకున్నాను.

ఫిబ్రవరి 1 నాటి చిత్రాన్ని అమలాపురంలో 12×18 అంగుళాల మాట్ కాగితం మీద ప్రింటు వేయించి ట్రాక్టరు డ్రైవరుకు ఇచ్చాను. కొంగ వైపు ఒకసారి చూసి, తరువాత కింద ఉన్న నాలుగు బురద గీతల మీద వేలు పెట్టి, "ఇది నా ఎడం చక్రం చిమ్మిందండి" అన్నాడు.